కన్యాశుల్కం – మేనమామ గడప

కామజీవితంలో నియమం ఎంత గట్టిదైతే సమాజం అంత ఉన్నతమగునని జె. డి. అన్విన్ 1934లో ‘సెక్స్ అండ్ కల్చర్’ అను గ్రంథమున ప్రతిపాదించినాడు. ఎనుబది ఆదిమ సమాజాలను పరిశీలించి చేసిన నిర్ణయమది. ఆ గ్రంథాన్ని మెచ్చుకొనువారు ఒక అంశమును తరచు విస్మరింతురు. కట్టుదిట్టమైన ఏకపత్నీత్వం నెలకొన్న చోట్ల చట్టమున స్త్రీకి ఉనికియే లేదని, ఆ అన్యాయం వల్లనే ఆ కట్టుబాటు నిలువలేదని గుర్తించినవాడు కూడ అన్వినే.

ఈ కొలబద్దతో ‘కన్యాశుల్కా’న్ని కొలిచి చూడవచ్చును. అగ్నిహోత్రావధాన్ల ఇంట నియమానికి లోటు లేదు. పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువు. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు అమ్ముటకు తండ్రికి సంకోచం లేదు. లుబ్ధావధాన్ల ఇంట వితంతువైన మీనాక్షి రామప్పపంతులు చేత చిక్కినది. రెండిళ్లలోను కట్టుబాటున్నది, స్వాస్థ్యం లేదు. వెంకమ్మ నూతిలో దూకినను చలింపని భర్తకు ఎదురొడ్డినవాడు ఆమె తోబుట్టువు కరటకశాస్త్రి. ఆడపిల్లకు మేనమామ అండ అనుట ఇక్కడ వట్టి లోకోక్తి కాదు; కథ నడచుటయే దానిమీద.

1892లో ఆ నాటకం తొలిసారి ఆడిన విజయనగర ప్రాంతమునుండి, శ్రీకాకుళమునుండి రైలుపనికై పోయిన తెలుగువారు ఖరగ్‌పూరు, హిజ్లీలలో తరతరాలుగా కాపురమున్నారు. వితంతు వివాహమునకై పోరి 1856 చట్టమును సాధించిన విద్యాసాగరుని స్వగ్రామం వీరసింగ కూడ నేటి ఆ పశ్చిమ మేదినీపుర మండలములోనిదే. పొరుగు బెంగాలీ హిందువులకు మేనరికం నిషిద్ధం, తెలుగువారికి ఆచారం; ఆచారమున్న చోట 1955 హిందూ వివాహ చట్టం దానిని ఒప్పుకొన్నది. పరాయి ప్రాంతమున మేనరికం వల్ల కలుగు మేలు కొంచెము కాదు. పిల్ల తెలియని ఇంటికి పోదు, సొంత ఊరితో బంధం తెగదు. (వైద్యులు చెప్పు చిక్కులు వేరు.) కాని మేనమామయే మామగారైన పిల్లకు కాపురమున కలత వచ్చిన, ఆమె పక్షమున మాటాడు కరటకశాస్త్రి ఎవడు? తల్లి తన అన్నకు ఎదురు చెప్పలేదు. పుట్టినిల్లు, అత్తిల్లు ఒకే మాట మాటాడును.

చలం ‘మైదానం’ (1927)లో ఇల్లు విడిచి పోవు దారి ఉన్నది. తిరిగి వచ్చు దారి లేదు. రైలు కాలనీ కథలు వ్రాయువారికి ఈ మూగబోయిన తల్లి ఇంకను పూర్తిగా చిక్కలేదు. గురజాడ మాత్రం తల్లిదండ్రులు బ్రతికియున్న బుచ్చమ్మకు చూపిన చోటు పూనాలోని వితంతు శరణాలయం.