అన్యదేశ్యములు: మిరపచేని సాక్ష్యము

గుంటూరు సీమ విద్యార్థి మిరపచేనిఁగూర్చి వ్యాసము వ్రాయునెడల నందు రైతు, కౌలు, ఖరీఫు, యార్డు అను మాటలు రాక తప్పవు. వీనిని గ్రామ్యములని కొట్టివేసి కర్షకుఁడు మొదలగు తత్సమములను వ్రాయించుట పలువురు ఉపాధ్యాయుల యాచారము. ఈ దిద్దుబాటునకు వ్యాకరణము తోడుపడునా యనునది విచార్యము.

చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున భాషను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని నాలుగు విధములుగా విభజించెను. తెలుఁగునాఁటి వాడుకచే నెలకొన్నది దేశ్యమనియు, లక్షణమునకు విరుద్ధమైనది గ్రామ్యమనియు నాయన తాత్పర్యము. పదము పుట్టినచోటి ప్రసక్తి యీ రెంటను లేదు. కావున పరభాషనుండి వచ్చుట యొక్కటియే గ్రామ్యత్వమునకు హేతువు కాఁజాలదు. అన్యదేశ్యమునకు వేఱు తావు చూపకపోవుటయే యా విభాగమందలి లోపము. దానినుండియే యీ చిక్కు పుట్టినది.

ఇట్టి స్థితి యితర భాషలకును గలదు. స్పానిషుభాష లాటినునుండి పుట్టినది. స్పెయినులో 711 మొదలు 1492 వఱకు మహమ్మదీయ రాజ్యము లుండుటచే నందు అరబ్బు మాటలు వేలకొలఁదిగాఁ జేరినవి. ప్రత్తికి వారి పేరు అల్గొదోన్. ఇందలి 'అల్' అరబ్బున నామమునకు ముందు చేరు నిర్దేశకము. స్పెయిను ప్రజ దానిని పదమున లీనము చేసికొని, దానిపై తమ 'ఎల్' అను నిర్దేశకమును మరల చేర్చిరి. పరపద మను స్ఫురణయే వారికి లేదు. మన నారంగశబ్దము పారసీక అరబ్బుల మీఁదుగాఁ బోయి వారి నరాంహ యైనది.

మిరప చరిత్ర మింకను విశేషము. అది అమెరికా ఖండపుఁ బంట. పోర్చుగీసువారి వలన 16వ శతాబ్దిలో మనదేశమునకు వచ్చినది. స్పెయినువారు అచ్చటి జాతుల మాటలైన చిలె, అహి అనువానిని గ్రహించుటయే కాక, మిరియమునకుఁ గల పిమియెంత శబ్దమునుండి పిమియెంతో అని పేరు కల్పించిరి. తెలుఁగువారును మిరియముతోడి పోలికచేతనే మిరప యనిరి. ఒకరి నొక రెఱుఁగని రెండు జాతు లొక్క త్రోవనే నడచినవి. కొత్త వస్తువునకుఁ బాతపేరు సాగదీయుటయు, వచ్చిన పేరునే గ్రహించుటయు రెండును భాషాధర్మములే.

మన పూర్వకవు లీ ధర్మము నెఱుఁగుదురు. కొండవీటి విద్యాధికారియైన శ్రీనాథుఁడు హరవిలాసమున అవచి తిప్పయసెట్టి దిగుమతులను వర్ణించుచు హురుముంజి గుఱ్ఱములకుఁ దేజి శబ్దమును వాడెను. అది పారసీకపు తాజీ. గుఱ్ఱముతోడనే దాని పేరును ఓడ దిగినది.

అట్లని వచ్చిన ప్రతిపదమును గ్రాహ్యమనరాదు. పరీక్షలు రెండు: తెలుఁగురూపు దాల్చినదా, దానివలనఁ బ్రయోజన మున్నదా. రయ్యత్ అను పదము రైతు అయి, రైతులు, రైతునకు అని వచనవిభక్తులను బొందినది. కాఁపు అన్నచో నేఁడు ముందుగాఁ గులము స్ఫురించును. ఏ కులమువాఁడైనను సేద్యము చేయువానికి రైతు అనునదియే తగిన పేరు. గుంటూరి మిర్చి యార్డను పేరిలో నొకటి హిందీపదము, రెండవది ఆంగ్లపదము. అయినను యార్డులో, యార్డుకు అని పల్లెవాఁడు తడఁబడక పలుకును. కొనుట యుండఁగా 'పర్చేజు చేయుట' యనునది మాత్రము రెండవ పరీక్షకు నిలువదు.

కావున దిద్దువారు మాట పుట్టువును గాక ప్రయోజనమును విచారింపవలయును. లేనిచో తండ్రి సేద్యమును వర్ణించు బాలునకుఁ దన యింటిమాటయే తప్పని తోఁచును. ఆ తప్పు బాలునిది కాదు.