పక్కవాళ్ళకే తెలిసే జబ్బు

బీపీ మూడు రకాల బిళ్ళలకూ లొంగకపోతే, నాలుగోది రాసేముందు నేను రోగిని కాసేపు పక్కనపెట్టి, ఫైలు పట్టుకుని కూర్చున్న ఆవిడ వైపు తిరుగుతాను.

"రాత్రిళ్ళు ఆయన నిద్ర ఎలా ఉంటుందమ్మా?"

"నిద్రకేం లోటు లేదండి డాక్టరుగారూ. తల వాలిస్తే చాలు, గురక ఎదురింటికి వినపడుతుంది."

ఆయన నవ్వుతాడు. మన ఇళ్ళల్లో గురకంటే ఒళ్ళెరగని నిద్రకు గుర్తు, చుట్టాలు చేరితే ఎగతాళికి సరుకు. నాకు కావలసింది మాత్రం గురక కాదు, దాని మధ్యలో వచ్చే ఖాళీ. "మధ్యలో ఆగుతుందా?" అంటే ఆవిడ గొంతు మారిపోతుంది. "ఆగుతుందండి. గురక వినపడుతున్నంతసేపూ నాకు ధైర్యమే. ఆగితేనే లేచి కూర్చుంటా. భుజం పట్టి కుదుపుతా." ఎన్నాళ్ళ నుంచమ్మా అంటే, ఏళ్ళ నుంచి. ఎవరికీ చెప్పలేదేం అంటే, ఎవరూ అడగలేదు కనుక.

నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ పీలుస్తూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లు దాటితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కవేస్తారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, అడ్రినలిన్ ఎగదన్నుతుంది, బీపీ లేస్తుంది. మనిషి పెద్దగా ఒక గుటక వేసి మళ్ళీ నిద్రలోకి జారిపోతాడు. పొద్దున లేచాక వీటిలో ఒక్కటీ గుర్తుండదు. గంటకు ఐదుసార్లు దాటితే జబ్బు మొదలైనట్టు, పదిహేను దాటితే మధ్యస్థం, ముప్పై దాటితే తీవ్రం.

అందుకే మా దగ్గరికి గురకతో ఎవరూ రారు. పొద్దున్నే తల దిమ్ముగా ఉందనో, నోరు పిడచకట్టుకుపోతోందనో, కొట్లో కూర్చుంటే కళ్ళు మూతలు పడుతున్నాయనో వస్తారు. రాత్రి మూడు నాలుగుసార్లు ఒంటేలుకు లేస్తున్నామనీ వస్తారు. షుగరు చూస్తాం, ప్రోస్టేటు చూస్తాం. అవి చూడాల్సిందే. అయితే గాలి అందక ఛాతీ గట్టిగా పీల్చినప్పుడు గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఒక హార్మోన్‌ను వదులుతుంది, అది మూత్రాన్ని పెంచుతుంది. గొంతు దగ్గర మొదలైన గొడవకు బాత్రూమ్ దగ్గర వైద్యం చేస్తూ ఉండిపోవచ్చు.

నా బల్ల సొరుగులో దర్జీ టేపు ఒకటి ఉంటుంది. టొరంటోలో మత్తు డాక్టరు ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో ప్రకటించిన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో మెడ చుట్టుకొలత కూడా ఉంది: 40 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు. గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బరువు, యాభై దాటిన వయసు, మగవాడు కావడం తక్కినవి. ఎనిమిదిలో మూడొస్తే అనుమానం, ఐదొస్తే గట్టి అనుమానం. బరువు గీతను బీఎంఐ 35 దగ్గర గీశారు కానీ, మనవాళ్ళకు అది సరిపోదని నా అభిప్రాయం. దవడ చిన్నదై వెనక్కి ఉంటే సన్నటి మనిషికీ ఇది వస్తుంది.

తర్వాత నోరు తెరిచి నాలుక చాపమంటాను. కొండనాలుక ఎంతవరకు కనిపిస్తోంది, అంగిలి ఎంత దిగింది అని చూసే ఈ పద్ధతికి ప్రపంచమంతటా ఉన్న పేరు మల్లంపాటి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన మల్లంపాటి శేషగిరిరావుగారు, మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేయడం ఎవరికి కష్టమవుతుందో ముందే పసిగట్టడానికి 1985లో రాసిన పద్ధతి ఇది. ఇరుకు గొంతు ఆపరేషన్ బల్ల మీదైనా మంచం మీదైనా ఇరుకే కదా.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ చెప్పేది ఫోన్ వీడియో. తెల్లవారుజామున, ఆయన వెల్లకిలా పడుకున్నప్పుడు, ఛాతీ, పొట్ట కనపడేలా రెండు నిమిషాలు తీయమంటాను. గురక ఉన్నట్టుండి తెగిపోతుంది. పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంది, రెండూ ఎదురుబొదురు. వెనకాల ఫ్యాన్ చప్పుడొక్కటే. ఆవిడ చెయ్యి వణికి బొమ్మ కదులుతుంది. అంతలో పెద్ద గుటక, కాళ్ళు ఒక్కసారి కొట్టుకోవడం, మళ్ళీ గురక. 'నాకేం లేదు' అని వాదించే మగవాళ్ళు ఆ బొమ్మ చూశాక వాదించరు.

మరి ఆడవాళ్ళకు సాక్షి ఎవరు? ఇక్కడే మా లెక్క తప్పుతోంది. ముట్లు ఆగిపోయాక వాళ్ళకూ ఈ జబ్బు పెరుగుతుంది. గురక పెడతానని చెప్పడం ఆవిడకు నామోషీ. పక్కనున్న ఆయన వినడు, తానే గురక పెడుతుంటాడు కనుక. వితంతువైతే పక్కన ఎవరూ ఉండరు. నిద్ర పట్టడం లేదు, ఒళ్ళు బరువు, చికాకు అంటూ వస్తే థైరాయిడ్ పరీక్ష రాసి, అది మామూలుగా ఉంటే నిద్రమాత్ర ఇచ్చి పంపడం ఎన్ని చీటీల్లో చూశానో! సడలే గొంతును నిద్రమాత్ర ఇంకా సడలిస్తుంది. అందుకే కూతురు పురిటికో, పండగకో వచ్చిందంటే ఆ పిల్లను తీసుకురమ్మంటాను. అమ్మ పక్కన పడుకున్నది తనే.

2022లో సంగీత దర్శకుడు బప్పీలహరి పోయినప్పుడు డాక్టర్లు ఈ జబ్బు పేరు చెప్పారు. ఆ వారం ఓపీలో గురక కబుర్లే. గ్యాంగ్ లీడర్ పాటలు విన్న వయసువాళ్ళంతా భయపడ్డారు. నెల తిరక్కుండా మళ్ళీ మామూలే.

పరీక్ష ఇప్పుడు ఇంట్లోనే చేయొచ్చు: ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళను మాత్రం ల్యాబ్‌కే పంపాలి. ఇంటి పరీక్షలో ఏమీ లేదన్నా అనుమానం బలంగా ఉంటే, వాళ్ళనీ.

వైద్యానికొస్తే, సిడ్నీలో కోలిన్ సల్లివాన్ 1981లో ప్రకటించిన సీపాప్ ఇప్పటికీ ముందు నిలుస్తోంది. మాస్కులోంచి వచ్చే గాలి ఒత్తిడి గొంతు మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. కొనడం తేలిక, పెట్టుకోవడమే కష్టం. బీరువా ఎక్కిన మిషన్లు మా ఊళ్ళో తక్కువేం కాదు. వారం లోపలే మాస్కు తీసుకురమ్మంటాను. మీసం దట్టంగా ఉంటే పక్కల నుంచి గాలి కారి కంట్లో కొడుతుంది. మీసం తీయమంటే మనవాళ్ళు ఊరుకోరు, ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే రకానికి మారుస్తాం. ఊపిరాడనట్టుందంటే పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమంటాను. ఇన్వర్టర్ లైనులో ఆ ప్లగ్గు ఉందో లేదో అడుగుతాను. తేలికపాటి జబ్బుకు పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రిపూట తాగుడు మానడం, దంతవైద్యులు చేసే దవడ పరికరం పనికొస్తాయి. బరువు పదో వంతు తగ్గినా ఊపిరి ఆగడాలు పావు వంతు దాకా తగ్గుతాయి. స్థూలకాయం ఉన్నవాళ్ళకు టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికా ఈ జబ్బుకే అనుమతించింది. ఖరీదు చూసి రాయాలి.

లారీ డ్రైవర్లతో చిక్కు వేరు. నిద్ర సంగతి ఎత్తితేనే లైసెన్సు పోతుందని భయం. "స్టీరింగు మీద కునుకు పడిందా?" అంటే ఏ డ్రైవరూ ఒప్పుకోడు. "టీ కోసం ఎక్కడెక్కడ ఆపుతావయ్యా?" అని అడుగుతాను. సమాధానం అందులోనే దొరుకుతుంది.

చివరికి అందరూ అడిగేదొకటుంది. "అంత డబ్బు పోసి మిషను కొన్నాం కదండీ, బీపీ బిళ్ళలు ఆపేద్దామా?" వద్దు. సీపాప్‌తో బీపీ సగటున రెండు మూడు పాయింట్లే దిగుతుంది. 2016లో వచ్చిన సేవ్ అధ్యయనంలో గుండెపోట్లు, పక్షవాతాలు కూడా తగ్గలేదు. ఆ రోగులు రాత్రికి సగటున మూడుగంటల పైచిలుకే పెట్టుకున్నారన్న మాటా ఉందనుకోండి. నేను మాట ఇచ్చేది పగటి మత్తు వదలడం గురించే. బిళ్ళల సంగతి మూడు నెలలాగి, ఇంట్లో చూసిన బీపీ చీటీలు ముందేసుకుని మాట్లాడదామంటాను.