సూర్యోపాసన - ఇద్దరు జైన రచయితల సాక్ష్యము

మతముల నడుమ సంబంధము చూపుటకు సూర్యోపాసనను పేర్కొనుట పరిపాటి. సూర్యప్రతిమను ప్రతిష్ఠించుటకు మగులే తగినవారని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పుట ఇరానుతోడి సంబంధమునకు నిదర్శనము. అచ్చట పూజావిధియే దేశము దాటి వచ్చినది. అయినను సూర్యనామము వినబడినచోటనెల్ల అట్టి సంబంధము నూహించుట తగదు.

నిజామాబాదు జిల్లాలోని బోధను ఒకప్పుడు వేములవాడ చాళుక్యుల ఏలుబడిలోనిది. ఆ వంశము ఆదరించిన ఇరువురు జైనుల రచనలు ఈ విషయమున పరిశీలింపదగినవి. 941లో ఆదిపురాణమును రచించిన పంపడు విక్రమార్జునవిజయమున తన ప్రభువైన రెండవ అరికేసరిని ప్రచండమార్తాండునిగా స్తుతించెను. 959లో యశస్తిలకమును ముగించిన సోమదేవసూరి సూర్యార్ఘ్యమును, గ్రహణస్నానమును, సంక్రాంతివ్యయమును మూఢతలలో చేర్చెను.

ఇందు వైరుధ్యము లేదు. పంపని సూర్యుడు రాజతేజస్సునకు ప్రతీక. అది కావ్యమర్యాదయే గాని ఉపాసన కాదు. సోమదేవుడు నిషేధించినది ఆచారమును. సమ్యక్త్వమునకును వ్రతమునకును హాని కలిగింపని లౌకికవిధి జైనులకు ప్రమాణమేయని ఆయనయే అంగీకరించెను. అట్టి ఉదారుడు అర్ఘ్యమును వేరుగా పేర్కొని త్రోసిపుచ్చుటకు కారణ ముండవలెను. జనులు ఆచరింపని దానిని శ్రావకులకు నిషేధింప బనిలేదు. జైనగృహస్థులు ఇరుగుపొరుగువారితో గూడి ఉదయభానునకు అర్ఘ్య మిచ్చుచుండి రనుట ఇందువలన ఊహింపదగియున్నది.

కావున మతసంబంధమును పరిశోధించువారికి కవి చేసిన స్తుతికన్న ఆచార్యుడు చేసిన నిషేధమే బలవత్తరమైన సాక్ష్యము.