స్త్రీ శరీరానికి తెలుగు మాట

ఒక అవయవానికి ఒక భాషలో ఉన్న పేరును బట్టి ఆ అవయవాన్ని గురించి ఆ భాషీయుల భావన ఎట్టిదో తెలుసుకోవచ్చు. తెలుగు గృహిణి గర్భాశయాన్ని ‘గర్భసంచి’ అంటుంది. భిలాయి ఉక్కునగరంలో ఆమె పొరుగింటి హిందీ గృహిణి దానినే ‘బచ్చేదానీ’ అంటుంది. రెండు మాటలకూ అర్థం ఒక్కటే: బిడ్డను ఉంచే పాత్ర. బిడ్డలు పుట్టిన తరువాత ఆ పాత్రతో పని తీరినదనే తీర్పు ఆ పేరులోనే ఇమిడి ఉన్నది. దాని ప్రక్కనే ఉండి స్త్రీ జీవితాన్ని నాలుగు దశాబ్దాలపాటు నడిపే అండాశయానికి ఇంటి మాటలలో స్థిరమైన పేరు లేదు. అది పాఠ్యపుస్తకంలోనే ఉండిపోయినది. పేరు లేనిది పోయినప్పుడు, పోయినదని చెప్పుకొనడానికి కూడ మాట దొరకదు.

ఇది వైద్యులు మాత్రమే విచారింపదగిన విషయమని సాహిత్యపరులు తప్పుకొనడానికి వీలు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భాశయం తొలగింపబడినవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3. ఆంధ్రప్రదేశ్‌లో 9, తెలంగాణలో 8. మెదక్ జిల్లాలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ చేసిన పరిశీలన 2009లో వెలువడినది. అవసరం లేని శస్త్రచికిత్సలు పడుచు వయస్సులోని పేద స్త్రీలకు ఎట్లు జరిగినవో అది చూపినది. ఛత్తీస్‌గఢ్‌లో ఆరోగ్య బీమా మాటున ఇట్టివే జరిగినవని 2012లో గొప్ప అలజడి రేగినది. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లను గురించి డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పి, ఇట్టి శస్త్రచికిత్సలపై కేంద్ర మార్గదర్శక సూత్రాలను రాష్ట్రాలన్నీ అమలు చేయవలెనని ఆదేశించినది. దీనికి పేదరికం, ధనాశ, వైద్యవ్యవస్థలోని లోపాలు కారణాలు. ‘పిల్లలు పుట్టినారు గదా, ఇక సంచితో పనేమి?’ అన్న వాక్యం ఎవరికీ వింతగా తోచకపోవడం వాటికి తోడైన మరొక కారణం. ఆ వాక్యం భాషకు సంబంధించినది.

ఆ సంచి చుట్టూ జరిగే పని ఏమిటో చూడవలసి ఉన్నది. ఒక గ్రంథి స్రవించిన ద్రవ్యం రక్తంలో ప్రయాణించి దూరాన ఉన్న అవయవాన్ని మేల్కొల్పుతుంది. ఇట్టి ద్రవ్యాలకు 1905లో ఆంగ్ల శరీరశాస్త్రజ్ఞుడు స్టార్లింగ్ ‘హార్మోను’ అన్న పేరు వాడినాడు. దాని మూలమైన గ్రీకు ధాతువుకు కదిలించడం, ప్రేరేపించడం అని అర్థం. తెలుగు పాఠ్యగ్రంథాలు ఆ గ్రంథులను ‘వినాళ గ్రంథులు’ అన్నవి. గ్రీకు పేరు ద్రవ్యం చేసే పనిని చెప్పినది. తెలుగు పేరు గ్రంథికి లేని నాళాన్ని చెప్పినది. ఋతుచక్రపు పూర్వార్ధంలో ఈస్ట్రోజెన్ గర్భాశయపు లోపొరను పెంచుతుంది. అండం విడుదలైన తరువాత ప్రొజెస్టెరోన్ దానిని నిలుపుతుంది. రెండూ తగ్గినప్పుడు పొర రాలి ముట్టు వస్తుంది. ఈస్ట్రోజెన్ పని అంతటితో ముగియదు. ఎముకల గట్టిదనం, యోనిలోని తడి, మెత్తదనం దాని అండతోనే నిలుస్తాయి. అండాశయాలు కొంత టెస్టోస్టెరోన్‌ను కూడ స్రవిస్తాయి. దానికి కామేచ్ఛతో సంబంధం ఉన్నది. ముట్టుడిగే వయస్సు రాకముందే రెండు అండాశయాలనూ తీసివేస్తే, ప్రకృతి కొన్ని సంవత్సరాలలో మెల్లగా తెచ్చే మార్పు కొద్ది దినాలలో మీద పడుతుంది: ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, సంగమంలో నొప్పి, విముఖత, క్రమంగా ఎముకల క్షీణత. అండాశయాలను ఉంచి గర్భాశయాన్ని మాత్రమే తీసినా అవి ముందుగా ఉడిగిపోయే అవకాశం పెరుగుతుంది.

ఈ అనుభవానికి తెలుగు వాడుక ఇచ్చిన మాటలేవి? ముట్టు, మైల, బయట ఉండడం, దూరం కావడం. ‘ముట్టు’ అన్న క్రియకు తాకడమని అర్థం. నామవాచకంగా అది తాకరాని స్థితికి పేరు. ఈ మాటలన్నీ ఇంటిలో స్త్రీ ఎక్కడ కూర్చుండవలెనో చెపుతాయి. ఆమె శరీరంలో ఏమి జరుగుతున్నదో చెప్పవు. మంట కలిగితే ‘వేడి చేసినది’. ఆవిర్లు వస్తే అదీ వేడియే. దుర్వాసనతో కూడిన స్రావమైనా, సహజమైన స్రావమైనా ‘తెల్లబట్ట’యే. దాంపత్య సుఖానికి ‘సంసారం’ అన్న ముసుగు ఉన్నది. ముసుగు మాటలు మర్యాదకు పనికివస్తాయి, వ్యాధిని గుర్తించడానికి చాలవు. అయితే వాడుక అంతా లోపభూయిష్ఠమని అనరాదు. ‘నెల తప్పినది’, ‘నీళ్లు పోసుకొన్నది’ అన్న పలుకుబళ్లలో పరిశీలనా ఉన్నది, ఆదరమూ ఉన్నది. ‘ముట్టుడుగుట’ మిక్కిలి సమర్థమైన మాట. వాన ఉడిగినట్లు, గాలి ఉడిగినట్లు, ఒక సహజక్రియ నెమ్మదించి ఆగినదని అది చెపుతుంది. ఇట్టి మాటను విడిచి ‘మెనోపాజు’ అనవలసిన అవసరమేమిటో ఆలోచింపదగినది.

సాహిత్యం ఈ లోటును కొంతవరకే పూరించినది. ప్రబంధకవులు స్త్రీ శరీరాన్ని ఆపాదమస్తకం వర్ణించినారు. అది చూచేవాని శరీరవర్ణన. పదునెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’లో మరొక దృష్టిని చూపినది. అందులో రాధ వయస్సున పెద్దది. ఇళకు దాంపత్య విషయాలు బోధించేదీ ఆమెయే, తన కాంక్షను దాచుకొననిదీ ఆమెయే. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని సంపూర్ణంగా ప్రకటింపగా ప్రభుత్వం దానిని నిషేధించినది. ఆ నిషేధం తొలగింది 1947లో. యౌవనం గడిచిన స్త్రీకీ కాంక్ష ఉంటుందని స్వయంగా స్త్రీయే చెప్పిన కావ్యం మూడు దశాబ్దాలకు పైగా పాఠకులకు దూరమైనదన్న మాట. చలం 1927 నాటి ‘మైదానం’లో స్త్రీ కాంక్షకు ధైర్యమిచ్చినాడు. కాని కాంక్షకు ఆధారమైన శరీరం రోగంతో, వయస్సుతో మారేదన్న ఎరుక ఆ ధైర్యంలో తక్కువ. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలతో ప్రసూతిశాలా, గర్భస్రావమూ మొదటిసారి అనుభవించినవారి గొంతుతో వినిపించినవి. వోల్గా సంపాదకత్వాన 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ ఆ గొంతులను ఒక్కచోట చేర్చినది. అయినా ఈ కవితల దృష్టి ప్రధానంగా ప్రసవించే వయస్సు మీదనే నిలిచినది. నలుబదియైదు దాటిన స్త్రీ తెలుగు కథలో తల్లిగా, అత్తగా కనిపించినంత తరచుగా భార్యగా కనిపించదు.

కవులు విడిచిన చోట వేరొక రకపు వచనం పని చేసినది. మాలతీ చందూర్ 1952 నుండి ఆంధ్రప్రభ వారపత్రికలో నడిపిన ‘ప్రమదావనం’, తరువాత విజయవాడ డాక్టర్ సమరం రచనలు ప్రశ్నోత్తర రూపాన్ని ఇంటింటికీ చేర్చినవి. తల్లితోనూ భర్తతోనూ అనలేని మాటను ఉత్తరంలో అనవచ్చునని స్త్రీ నేర్చుకొన్నది. 1985లో పటాన్‌చెరు వద్ద నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షనును, అది ప్రయోగమని స్పష్టంగా చెప్పకయే, స్త్రీలకు ఇవ్వబూనగా స్త్రీశక్తి సంఘటన సభ్యులు అభ్యంతరపెట్టినారు. 1986లో ఢిల్లీకి చెందిన సహేలీ మున్నగు సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లినారు. ఆ ఇంజక్షనులోనిది నోరెథిస్టెరోన్ అన్న హార్మోను రూపాంతరం. పెళ్లికో వ్రతానికో యాత్రకో ముట్టు అడ్డు రాకుండ తెలుగు ఇండ్లలో మ్రింగే మాత్రలలో ఉన్నదీ అదే నోరెథిస్టెరోన్. శాస్త్రం తెలియకయే హార్మోను దేవుని గది గడప దాకా వచ్చినది. దానిని రప్పించినది మైల అన్న మాట.

ఈ నేపథ్యంలో 1991లో స్త్రీశక్తి సంఘటన రచింపగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘సవాలక్ష సందేహాలు’ తెలుగు వచనచరిత్రలో స్థానం పొందదగిన గ్రంథం. బోస్టన్ స్త్రీలు 1970లో ప్రారంభించిన ఆరోగ్యగ్రంథం దీనికి మార్గం చూపినా, దీని స్వభావం దేశీయమైనది. ఇదే సంఘటన 1986లో తెలంగాణ సాయుధపోరాట స్త్రీల నోటిమాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా కూర్చినది. చరిత్ర కొరకు విన్న చెవియే ఆరోగ్యం కొరకూ విన్నది. పేరులోనే ప్రశ్నకు అగ్రస్థానమిచ్చి, సందేహపడడం స్త్రీ హక్కని ఈ గ్రంథం స్థాపించినది. వైద్యగ్రంథమని గ్రంథాలయంలో వేరే అరకు పంపడం వలన విమర్శకులు దీని వచనాన్ని చదువలేదు. అది విమర్శలోని లోపం. గ్రంథానికి కాలం విధించిన పరిమితులూ ఉన్నవి. ముట్టుడిగిన తరువాతి హార్మోను చికిత్సలోని అపాయాలను గురించి 2002లో అమెరికాలోని మహిళా ఆరోగ్య పరిశోధన భయం రేపినది. పిమ్మటి పరిశీలనలు వయస్సును బట్టి, మందు రకాన్ని బట్టి లాభనష్టాలు మారుతాయని తేల్చినవి. దీనిని ఆ స్థాయి తెలుగులో చెప్పే రచన కావలసి ఉన్నది.

అట్టి రచన ఎంత దూరం పోవలెనో తెలియడానికి భిలాయి తగిన గీటురాయి. సోవియట్ సహకారంతో నెలకొన్న ఆ కర్మాగారంలో మొదటి ఊదుకొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. పని వెదకుకొంటూ దేశం నలుమూలల నుండి వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. అక్కడి తెలుగు స్త్రీ తన బాధను ఇంటిలో తెలుగులో అనుకొంటుంది. వైద్యునితో హిందీలో చెపుతుంది. మందుచీటీ ఇంగ్లీషులో తీసుకొంటుంది. ‘వేడి చేసినది’ అన్న మాట ఈ ప్రయాణంలో దారి తప్పుతుంది. ‘బచ్చేదానీ’ అన్న మాట మాత్రం తప్పిపోదు. ‘గర్భసంచి’లో దానికి సిద్ధంగా స్థానమున్నది. భిలాయిని దీర్ఘకాలం పరిశీలించిన సామాజిక శాస్త్రజ్ఞుడు జోనథన్ ప్యారీ అక్కడి శ్రామికులలో రెండు తరగతులను గుర్తించినాడు: స్థిరమైన ‘నౌకరీ’ గలవారు, దినకూలి ‘కామ్’ చేసేవారు. నౌకరీ కుటుంబాలలో దాంపత్యం సాహచర్యంగా మారుతున్నదని ఆయన అభిప్రాయం. సాహచర్యమే ఆదర్శమైనప్పుడు సంగమంలోని నొప్పి స్త్రీ ఒక్కతె భరించి ఊరకుండవలసిన విషయం కాకుండ పోతుంది. మొదటి తరగతికి కర్మాగారపు ఆసుపత్రి ఉన్నది. ‘రేజా’ అని పిలువబడే కూలి స్త్రీకి అట్టి భరోసా లేదు. ఆ కర్మాగారానికి ఖనిజమిచ్చే దల్లీ-రాజహరాలో గనికార్మికులు 1983లో తమ చందాలతో షహీద్ ఆసుపత్రిని కట్టుకొన్నారు. శ్రామికులు ఆరోగ్యాన్ని తమ చేతిలోనికి తీసుకొనగలరని దాని వలన తెలిసినది. ఆ పనికి భాష కూడ శ్రామికులదే కావలెను.

తెలుగు రచయితలు, ముఖ్యంగా రాష్ట్రేతర ప్రాంతాలవారు, చేయవలసిన పని ఇక్కడ ఉన్నది. పరిభాషా నిఘంటువులు ఇదివరకే ఉన్నవి. వాటిలోని మాటలు మనుష్యుల నోట పలికే సందర్భాలు కథలలో, నవలలలో రావలెను. ‘ముట్టుడుగుట’ వంటి మంచి మాటను సిగ్గు విడిచి వాడవలెను. ‘గర్భసంచి’ ప్రక్కన ‘అండాశయం’ ఇంటి మాట కావలెను. వేడి అన్నది ఎప్పుడు ఆవిరో, ఎప్పుడు మంటో పాత్రలు విడదీసి చెప్పగలగవలెను. శస్త్రచికిత్సకు సమ్మతిపత్రం మీద సంతకం చేసే ముందు ఒక తెలుగు స్త్రీ, ‘తీయక తప్పదా? అండాశయాలను ఉంచుతారా? తరువాత నా శరీరం ఎట్లుంటుంది?’ అని మూడు ప్రశ్నలు అడిగే కథ ఒకటి వస్తే, దానిని చదివిన మరొక స్త్రీ భిలాయిలోనో బొబ్బిలిలోనో ఆ ప్రశ్నలనే అడుగగలదు.