నిండా నిమిషం నాడి చూడాలి

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో స్మార్ట్ వాచీ లేని చెయ్యి ఇప్పుడు తక్కువే. లిఫ్టులో, మెట్రోలో, మీటింగు మధ్యలో పల్స్ చూసుకుంటూనే ఉంటారు. అయినా గుండె జబ్బు ఉన్న ఇంట్లో ఒక్కరికైనా వేళ్లతో నాడి చూడటం రావాలంటాను. బాబాయికి స్టెంట్ వేసినప్పుడు వార్డులో నర్సమ్మ దగ్గర నేర్చుకున్నాను. అప్పటి నుంచి పొద్దున్నే, కాఫీ ఇవ్వకముందే, అది నా పని.

ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెడతాను. అరచెయ్యి పైకి తిప్పి, ఆయన బొటనవేలి మొదట్లో మణికట్టు పక్కనున్న గాడిలో నా చూపుడువేలు, మధ్యవేలు ఆనిస్తాను. బొటనవేలితో చూడకూడదు; అందులో మన నాడే మనకు తగులుతుంది. గట్టిగా అదిమితే అసలు తెలియదు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తారు చాలామంది. నేను నిండా నిమిషం చూస్తాను. లయ తప్పితే పట్టుబడేది అలాగే. గుండె లయ అస్తవ్యస్తమయ్యే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో కొన్ని బీట్లు మణికట్టు దాకా రావు కూడా. స్టెతస్కోపుతో వింటే అంకె ఎక్కువుంటుంది.

వేగానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, గుండె కండకు రక్తం అందేది ఎక్కువగా రెండు బీట్ల మధ్య విరామంలోనే. వేగం పెరిగితే ముందుగా తరిగేది ఆ విరామం. చాకిరీ పెరుగుతుంది, తిండి తగ్గుతుంది. నిమిషానికి పది ఎక్కువైతే రోజుకు 14,400 బీట్లు అదనం. నాళాలు సన్నబడిన గుండెకు అది చిన్న బరువు కాదు.

కరోనరీ జబ్బుతో పాటు ఎడమ జఠరిక బలహీనపడ్డవాళ్లపై జరిగిన 'బ్యూటిఫుల్' ట్రయల్ ఫలితాలు 2008లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు పల్స్ 70, ఆపైన ఉంటే గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 34 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే అంకె తగ్గిస్తే చాలా? చాలదని 2014లో 'సిగ్నిఫై' తేల్చింది. గుండె వైఫల్యం లేని 19,102 మంది కరోనరీ రోగుల్లో పల్స్ తగ్గించే ఐవాబ్రడిన్ మందు వేసుకున్నవాళ్లకు వేగం తగ్గింది, మరణాలూ గుండెపోట్లూ మాత్రం తగ్గలేదు. గుండె వైఫల్యం ఉండి, పల్స్ 70, ఆపైన ఉన్నవాళ్లకైతే అదే మందు మేలు చేసిందని 2010లో 'షిఫ్ట్' చూపింది. అంటే అంకె వెనకాల ఏముందో వెతకాలి. రక్తహీనతా, థైరాయిడా, సిగరెట్టా, నిద్రలేమా, గుండె బలహీనతా?

నాకు భయం కలిగించేది ఇంకొకటి: అంకె చూసి సొంతంగా మాత్ర మానేయడం. బాబాయి కొడుకు ఒకరోజు తండ్రి వాచీలో 54 చూసి, "అక్కా, ఆ బీటా బ్లాకర్ మాత్ర ఆపేద్దామా?" అన్నాడు. వద్దంటే వద్దన్నాను. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకు వేగం తగ్గడం ఆ మందు చేసే పనే. ఉన్నట్టుండి మానేస్తే గుండె ఎదురు తిరిగి ఛాతీనొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా రావచ్చు. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. అవేమీ లేకపోతే డాక్టరుగారిని అడిగాకే మార్పు.

ఆ రోజు ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది వాచీ అంకె కాదు, "లయ సమంగా ఉందా, రాత్రి నిద్రపోయారా?" అని. రెండూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. మాత్ర అలాగే కొనసాగించమన్నారు.