బడి బయటి బాల్యం: ఒక కాందిశీకుని ఆత్మకథ

దేశవిభజనను చిత్రించిన సాహిత్యంలో పాఠశాల తరచు కనిపిస్తుంది. విడిచివచ్చిన ఊరిలోని బడిగానో, కొత్త కాలనీలో వెదురు తడికల మధ్య మొదలైన బడిగానో అది పాఠకునికి పరిచయమవుతుంది. ఆ బడిలో చోటు దొరకని పిల్లవాని వైపునుండి చెప్పిన రచనలు మాత్రం బహు అరుదు. బెంగాలీ రచయిత మనోరంజన్ బ్యాపారి ఆత్మకథ 'ఇతివృత్తే చండాల్ జీవన్' అటువంటి అరుదైన రచన. దీని ఆంగ్లానువాదానికి 2018లో హిందూ పత్రికా సంస్థ ఇచ్చే బహుమతి లభించింది. నాటినుండి దీనిని దళిత ఆత్మకథగానో, చెరసాలలో అక్షరాలు దిద్దుకున్న మనిషి విజయగాథగానో చదవటం పరిపాటి అయింది. ఆ రెండు పఠనాలకూ గ్రంథంలో ఆధారం ఉన్నది. అయితే కాందిశీకుల పిల్లల చదువును గురించి అధికార నివేదికలు చెప్పలేని సంగతులు చెప్పే పత్రంగా కూడ ఇది చదవదగినది. భిలాయిలోని తెలుగు పాఠకులకు ఆ పఠనం మరింత దగ్గరిది.

భిలాయి ఉక్కునగరంలోని సెక్టర్ 6నే తీసుకుంటే, జామా మసీదు, బెంగాలీల కాళీబాడి, ఆవరణ నిండా పిల్లలున్న పాఠశాలలు ఒకే సెక్టరులో ఉన్నాయి. 1955లో సోవియట్ యూనియనుతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో తొలి కొలిమి రగిలిన నాటినుండి దేశం నలుమూలలవారూ ఇక్కడికి వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వచ్చిన తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. వారందరూ ఊరు విడిచినవారే. కాని కర్మాగారంలో ఉద్యోగం వారికి క్వార్టరునూ, క్వార్టరు పిల్లలకు బడినీ ఇచ్చింది. నగరాన్ని గీసిన కాగితం మీదనే బడికి స్థలం కేటాయించబడింది.

ఆ రోజులలోనే, ఇక్కడికి నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటుగా, రాయపూరు అవతల మానా శిబిరం నిండుతూ వచ్చింది. 1958లో కేంద్రప్రభుత్వం దండకారణ్య అభివృద్ధి ప్రాధికార సంస్థను నెలకొల్పి, తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులను బస్తరు, కోరాపుట్ అడవులలో స్థిరపరచదలచింది. 1964లో తూర్పు పాకిస్తానులో అల్లర్లు చెలరేగిన తరువాత వచ్చినవారిని రైళ్లలో రాయపూరుకు తరలించి మానాలో ఉంచారు. 1971లో మరల అక్కడ గుడారాలు లేచాయి. రాయపూరు విమానాశ్రయం నేడు ఉన్నది ఆ మానా ప్రాంతంలోనే. ఇంటి తలుపుకు అంకెవేసి ఉన్న నగరం ఒకటి, గుడారానికి అంకెవేసి ఉన్న శిబిరం మరొకటి. రెండింటినీ కట్టినది ఒకే ప్రభుత్వం.

బ్యాపారి కుటుంబం మానాకు పంపబడినది కాదు. బరిసాల్ జిల్లాలో పుట్టి, పసితనంలోనే సరిహద్దు దాటిన ఆయన బాల్యం బాంకురా జిల్లా శిరోమణిపూర్ శిబిరంలో గడిచింది. శిబిరవాసులను దండకారణ్యం పొమ్మన్నప్పుడు, ఎరుగని అడవికి పోవటానికి తండ్రి సమ్మతించలేదు. దాని ఫలితంగా ప్రభుత్వం ఇస్తున్న నగదు, తిండిగింజలు నిలిచిపోయాయి. పశువులు కాయటం, టీ దుకాణంలో గ్లాసులు కడగటం, ఇల్లు విడిచి రైళ్లలో ఊరూరా తిరగటం ఆ పిల్లవాని విద్యాభ్యాసం. బడి గడప ఎక్కనేలేదు. ఈ ఘట్టాలను చెప్పే తీరులో రచయిత ఒక సూక్ష్మమైన పని చేస్తాడు. బడి లేకపోవటాన్ని ప్రత్యేక దుఃఖంగా ఆయన వర్ణించడు. ఆకలిని గురించి పుటలు నింపుతాడు, చదువును గురించి దాదాపు మౌనం. ఆ మౌనమే ఈ భాగానికి ప్రాణం. మరుసటి పూట కూడు ఎక్కడనుండి వస్తుందో తెలియని పిల్లవానికి బడి ఒక కోరికగా కూడ రూపుదిద్దుకోదు. లేనిదానిని లేదని ఎరగటానికైనా కొంత కడుపు నిండి ఉండాలి.

కాందిశీకులందరి స్థితీ ఇదే కాదు. కలకత్తా దక్షిణ శివార్లలో ఖాళీ స్థలాలను ఆక్రమించి కాలనీలు కట్టుకున్న మధ్యతరగతి, అగ్రవర్ణ కాందిశీకులు ఇంటి గోడలు పూర్తికాకముందే బడులు, కళాశాలలు లేపారు. విజయగఢ్ కాలనీ అందుకు పేరెన్నికగన్నది. చదువు విలువ ఎరిగినవారు, దరఖాస్తు వ్రాయగలిగినవారు, కచేరీలో ఒకరినైనా ఎరిగినవారు అక్కడ ఉన్నారు. శిబిరాలకు, దండకారణ్యానికి పంపబడినవారిలో అత్యధికులు నామశూద్రులవంటి కులాల వ్యవసాయదారులు. వారికి చదువు ఇవ్వవలసినది ప్రభుత్వమే. కాందిశీకుల చదువు కులాన్ని బట్టి రెండుగా చీలిందన్న సంగతిని ఇంత స్పష్టంగా చూపిన రచన మరొకటి సులభంగా స్ఫురించదు.

ఋత్విక్ ఘటక్ 'సువర్ణరేఖ'ను దీని ప్రక్కన నిలిపి చూడటం ఉచితం. 1965లో విడుదలైన ఆ చిత్రం కాందిశీకుల కాలనీలో బడి ప్రారంభంతో మొదలవుతుంది. హరప్రసాద్ మాస్టరు ఆ బడిని నమ్మి నిలుస్తాడు. అతని మిత్రుడు ఈశ్వర్ చెల్లెలిని, దిక్కులేని అభిరామ్ అనే బాలుణ్ణి తీసుకొని ఒక లోహపు కర్మాగారంలో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. హరప్రసాద్ దృష్టిలో అది పారిపోవటం. భిలాయివంటి పారిశ్రామిక నగరాలకు చేరిన తరం ఈ సన్నివేశాన్ని తేలికగా దాటలేదు. అభిరామ్‌కు చదువు దొరుకుతుంది, కాని అతని కులం బయటపడగానే ఆ చదువు ఈశ్వర్ దృష్టిలో అతనిని నిలబెట్టలేకపోతుంది. ఘటక్ చూపు గొప్పదే. అయినా అది మాస్టరు చూపు, బడిని స్థాపించినవాని చూపు. అమితావ్ ఘోష్ 2004లో ప్రచురించిన 'ది హంగ్రీ టైడ్' నవలలో మరిచ్‌ఝాంపి ద్వీపానికి తరలివచ్చిన కాందిశీకుల పిల్లలకు పాఠం చెప్పాలని కలగనే నిర్మల్ కూడ ప్రధానోపాధ్యాయుడే. ఈ ఇద్దరు ఉపాధ్యాయుల ఆవేదనా నిజమైనది. వారి ఎదుట కూర్చోవలసిన పిల్లవాడు ఏమి తలచాడో చెప్పటానికి మాత్రం బ్యాపారి రావలసి వచ్చింది.

ఆయనకు అక్షరాలు వచ్చినది చెరసాలలో, ఇరవై యేళ్లు దాటిన తరువాత. తోటి ఖైదీ ఒకడు గురువు, పుల్ల బలపం, నేల పలక. విడుదలై యాదవపురం ప్రాంతంలో రిక్షా త్రొక్కుతున్న రోజులలో, బండి ఎక్కిన ఒక అధ్యాపకురాలిని 'జిజీవిష' అనే మాటకు అర్థమేమని అడిగాడు. ఆమె మహాశ్వేతాదేవి. 1981లో తమ 'బర్తికా' పత్రికలో ఆయన తొలి రచనను ఆమె అచ్చువేశారు. ఈ ఉదంతం లెక్కలేనన్నిసార్లు చెప్పబడి, దాదాపు పురాణగాథ అయింది. అందరూ దాటిపోయే ఒక వివరం మాత్రం ఉన్నది. మహాశ్వేతాదేవి నాడు పనిచేస్తున్నది విజయగఢ్ కళాశాలలో, అనగా కాందిశీకులు కాందిశీకులకోసం కట్టుకున్న విద్యాసంస్థలో. ఆ కళాశాల గేటు ముందు బేరంకోసం నిలబడిన రిక్షావాడూ కాందిశీకుని బిడ్డే.

ఈ గ్రంథాన్ని విజయగాథగా చదవటంలోని చిక్కు ఇక్కడే ఉన్నది. చెరసాల బడికి ప్రత్యామ్నాయం కాదు. బడిలో పోయిన పదిహేనేళ్లు ఇరవై నాలుగో యేట తిరిగి రావు. ఆ లోటు రచన నిర్మాణంలోనే కనిపిస్తుంది. కథనం కాలక్రమాన్ని తప్పుతుంది, చెప్పినదే చెబుతుంది, వాదంలోకి దిగి సంఘటనను మరచిపోతుంది. కోపం కొన్నిచోట్ల వ్యక్తులను పాత్రలు కానివ్వదు. వీటిని గుణాలుగా పొగడటం రచయితకు మేలు చేయదు. అయితే క్రమబద్ధమైన చదువు లేని బుద్ధి తనకు తానుగా దారి చేసుకున్న గుర్తులివి. సంస్కరించి నున్నగా చేసి ఉంటే పుస్తకం పొంకంగా ఉండేదేమో కాని, సాక్ష్యంగా బలహీనపడేది.

గ్రంథంలోని ఛత్తీస్‌గఢ్ భాగం భిలాయి పాఠకులను నేరుగా తాకుతుంది. బ్యాపారి ఈ ప్రాంతానికి వచ్చి, దల్లీ రాజహరాలో శంకర్ గుహా నియోగీ నాయకత్వంలోని కార్మికోద్యమంలో పనిచేశాడు. భిలాయి కొలుములకు ఇనుపరాయి వచ్చేది ఆ గనులనుండే. ఉక్కునగరంలో ఉద్యోగుల పిల్లలకు పాఠశాలలు ఉన్నవి. అదే రాతిని చేతులతో తవ్విన కాంట్రాక్టు కూలీల పిల్లలకు అటువంటి హక్కు లేదు. 1977లో ఏర్పడిన కార్మికసంఘం తానే బడులు నడపవలసి వచ్చింది, 1983లో షహీద్ ఆసుపత్రి ప్రారంభించింది. 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే నియోగీ హత్యకు గురయ్యాడు. కాందిశీకునిగా బడికి దూరమైన మనిషి, ఊరు కదలకుండానే బడికి దూరమైన పిల్లలను ఇక్కడ కలుసుకున్నాడు.

దండకారణ్యంలో ప్రభుత్వం ఏమీ చేయలేదనటం న్యాయం కాదు. నివాసగ్రామాలలో ప్రాథమిక పాఠశాలలు తెరిచారు, బెంగాలీ పిల్లలకు వారి భాషలో బోధన ఏర్పరచారు. పై తరగతులకు వెళ్లేసరికి ఆ పిల్లలు హిందీలోనో ఒరియాలోనో చదువు మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చేది. ఇదే రాష్ట్రంలో సర్‌గుజా కొండలమీది మైన్‌పాట్‌లో 1960వ దశకం తొలి సంవత్సరాలలో స్థిరపడిన టిబెటన్లది వేరు అనుభవం. వారి పిల్లలకోసం కేంద్రప్రభుత్వం 1961లోనే ఒక ప్రత్యేక విద్యాసంస్థను నెలకొల్పింది. భాషను, సంస్కృతిని కాపాడుతూ చదువు చెప్పటం ఈ దేశానికి తెలియని విద్య కాదు. ఎవరికోసం దానిని వాడాలన్నదే ప్రశ్న అయింది.

ఆ ప్రశ్న నేడు తెలుగునేలమీదికి వచ్చింది. 2005 తరువాత సల్వా జుడుం హింసకు తట్టుకోలేక బస్తరునుండి వేలాది ఆదివాసులు నాటి ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులలోకి తరలివచ్చారు. తెలుగువారు వారిని గుత్తికోయలంటారు. ఆ పిల్లల ఇంటిభాష కోయ లేక గోండీ, విడిచివచ్చిన బడిభాష హిందీ, ముందున్న బడిభాష తెలుగు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి ఎరుగని పిల్లవానిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠాలను ప్రత్యేకంగా చెప్పాలి. బ్యాపారి బాల్యంలో ఇటువంటి చట్టం లేదు. చట్టం ఉన్నా, అటవీభూమిలో వేసుకున్న పాకలు తొలగించబడి కుటుంబం మరొక గుట్టకు కదిలితే హాజరుపట్టీలో పేరు మిగిలి పిల్లవాడు మాయమవుతాడు. బస్తరులో షెడ్యూల్డు తెగగా ఉన్న గుర్తింపు సరిహద్దు దాటగానే చెల్లదు. పై చదువులో ప్రవేశానికి, వసతిగృహానికి, ఉపకారవేతనానికి కుల ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం తేలేక చదువు ఆగిపోయిన యువకులు పత్తిచేలలోను మిరపచేలలోను కూలికి పోతున్నారు.