శామీర్‌పేట, రాంపుర: మూడు వందల మాటల్లో

సామాజిక పరిశోధనా పద్ధతుల మీద జరిగే ఒక సదస్సుకు రామకుప్పం నుంచి పత్రం పంపాలనుకున్నాను. వాళ్ళు ముందు మూడు వందల మాటల సారాంశం అడిగారు. ప్రశ్న ఏమిటి, ఎవరిని కలిశారు, వాళ్ళనే ఎందుకు ఎంచుకున్నారు, ఏం తేలింది? రాయలేక రెండు పాత పుస్తకాలు ముందేసుకున్నాను. ఇవే ఇవాళ సారాంశాలుగా వెళ్తే ఏది గట్టెక్కుతుందా అని.

ఎస్.సి. దూబే ‘ఇండియన్ విలేజ్’ (1955)కు సారాంశం పావుగంటలో రాసేయొచ్చు. ఊరు హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన పథకం కింద వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసినవాళ్ళూ కలిసి పనిచేశారు. సమాజం, ఆర్థికం, పూజాపునస్కారాలు, కుటుంబం అంటూ అధ్యాయాలు పెట్టెలో సర్దిన బట్టల్లా ఉంటాయి. సమీక్షకుడు తప్పు పట్టడానికి సందు దొరకదు.

ఎం.ఎన్. శ్రీనివాస్ ‘ది రిమెంబర్డ్ విలేజ్’ (1976) సంగతి వేరు. మైసూరు దగ్గర తాను రాంపుర అని పేరు మార్చి చెప్పిన ఊళ్ళో ఆయన 1948లో ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళు విడదీసి, వర్గీకరించుకున్న నోట్సు 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన మంటల్లో కాలిపోయింది. మూడు ప్రతులూ ఒకే గదిలో! మరి మూడెందుకు తీసినట్టో. మూల నోట్సు ఢిల్లీలో భద్రంగానే ఉంది, అయినా ఆయన జ్ఞాపకం మీదే ఆధారపడి పుస్తకం రాశాడు. ఇక సారాంశంలో ‘సమాచార సేకరణ’ అన్న చోట ఏం రాయాలి? ఇరవై ఏళ్ళ నాటి జ్ఞాపకం అనా? మొదటి వడపోతలోనే పోతుంది.

అయినా పద్ధతుల సదస్సుకు వెళ్ళాల్సింది ఈ రెండోదే అని నా అభిప్రాయం. దూబే పుస్తకంలో మనుషులు లేరని కాదు, చూస్తున్న మనిషి కనిపించడు. పద్ధతి ఏమిటో మొదట్లో చెప్పేసి ఆయన పక్కకు తప్పుకుంటాడు. శ్రీనివాస్ అలా తప్పుకోలేకపోయాడు. ఊరి పెద్ద ఇంటి ఆశ్రయంలో ఉన్న బ్రాహ్మణ అతిథిని కాబట్టి తనకు కనిపించింది పైకులాల చూపులోని ఊరేనని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుకు ఏ దరఖాస్తులోనూ గడి ఉండదు. ఒకటి మాత్రం దూబే పక్షాన చెప్పాలి: రేపు ఎవరైనా శామీర్‌పేటకు వెళ్ళి, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చూడాలంటే ఆ అధ్యాయాల వరుస పనికొస్తుంది. శ్రీనివాస్ జ్ఞాపకాన్ని సరిచూడడానికి అంత వీలు లేదు.

నా పత్రం ఏనుగుల మీద. కౌండిన్య అభయారణ్యం అంచు పల్లెల్లో అవి రాత్రిళ్ళు టమాటా, రాగి చేలల్లో పడతాయి. ప్రశ్నావళిలో మొదటి గడి ‘మాతృభాష’. మూడు రాష్ట్రాలు కలిసే చోట దాన్ని నింపబోయి నవ్వులపాలయ్యాను. తలపాగా సర్దుకుంటూ ఒక పెద్దాయన, “ఇంట్లో అరవం, సేన్లో తెలుగు, సంతకి పోతే కన్నడం. యాది రాస్కుంటావో రాస్కో నాయినా” అన్నాడు. ఒక్కటే టిక్కు పెట్టాలి. తెలుగు అని పెట్టాను. దూబే బృందానికి అప్పగిస్తే గడులు మూడు చేసేవాళ్ళు. శ్రీనివాస్ అయితే గడి వదిలేసి, ఆ తలపాగా గురించి ఒక పేజీ రాసేవాడు.

ఆ రోజు ఇంకొకటి తట్టింది. నేను వెళ్ళిందంతా పగటిపూట. మంచె మీద రాత్రంతా డబ్బాలు వాయించిన కుర్రాళ్ళు ఆ వేళకి నిద్రలో ఉన్నారు. నాకు జవాబులు చెప్పింది ఇంటి పెద్దలు, పాసు పుస్తకం ఉన్నవాళ్ళు. కౌలుకు చేసేవాళ్ళు దాదాపు నా లెక్కలోకి రాలేదు. దాన్నొక వాక్యంగా సారాంశంలో చేర్చాను: “పరిశోధకుడు పగలే తిరగడం వల్ల, రాత్రి కాపలా కాసినవారి మాట ఇందులో లేదు.”

మొత్తం మూడు వందల పది మాటలయ్యాయి. ఈ వాక్యం తీసేస్తే సరిగ్గా సరిపోతుంది. దాన్ని ఉంచి, ఫలితాల్లోంచి పది మాటలు కొట్టేశాను.